జాకెట్టు ముక్కా, సిరాబుడ్డీ

ఎర్రమంజిల్‌లో ఉన్నది ఎరుపా, ఇరమా అన్నది మా ఇంట్లో ఇంకా తేలని తగువు. ఇరమ్ అంటే పారసీలో స్వర్గమనీ, నవాబు ఫఖ్రుల్ ముల్క్ గుట్ట మీద మేడ కట్టి ఇరమ్ మంజిల్ అని పేరు పెట్టుకున్నాడనీ నా వాదన. గుట్టను జనం అప్పటికే ఎర్రగడ్డ అనేవారట, మేడకూ ఎర్రరంగే వేయించాడట, కాబట్టి అది ఎర్రమంజిలే అని మా ఆవిడ తీర్పు. 2019లో ఆ మేడను కూల్చి కొత్త శాసనసభ కడతామన్నప్పుడు హైకోర్టు వద్దంది కానీ, పేరు సంగతి ఏ కోర్టూ పట్టించుకోలేదు. మెట్రో వచ్చాక మాత్రం ఆవిడ పక్షం బలపడింది. మా స్టేషను ఉన్నది రెడ్ లైన్ మీద.

అసలు రంగుల దగ్గర ఆవిడతో వాదించి గెలిచినవాణ్ణి నేను అమీర్‌పేట మొత్తంలో చూడలేదు. మ్యాచింగ్ సెంటర్లవాళ్ళే చేతులెత్తేశారు.

పోయిన నెల ఒక చీర సంచిలో పెట్టుకుని బయల్దేరాం. నేలనుంచి కప్పుదాకా జాకెట్టు గుడ్డల తానులు. కౌంటరు వెనక కుర్రాడు చీర చూసి, "వంకాయ రంగు మేడమ్" అంటూ ఒక తాను లాగాడు. "వంకాయ కాదు బాబూ, నేరేడు" అంది. అతను నేరేడు తీశాడు. "ఇది పండిన నేరేడు. నాది దోర" అంది. మామిడిచిగురు, ఉల్లిపొర, ముక్కుపొడి, నెమలికంఠం, ఎమ్మెస్ బ్లూ అని ఇన్ని పేర్లున్న జాతిలో పుట్టి, నాకు చిన్నప్పటినుంచీ తెలిసిన రంగులు ఏడే. అవీ ఇంద్రధనుస్సు పుణ్యమా అని.

ట్యూబులైటు కింద రంగులు అబద్ధమాడతాయట. అందుకని చీరతో సహా ఫుట్‌పాత్ మీదికి వచ్చాం. ఆవిడ ఒక కొస, నేనొక కొస. మధ్యలో జాకెట్టు ముక్కలు పరిచి కుర్రాడు. మిట్టమధ్యాహ్నం నడిరోడ్డు మీద చీరచెంగు పట్టుకుని నిలబడ్డవాణ్ణి చూస్తే ఎవరికైనా జాలి కలగాలి. కోచింగ్ సెంటరు కరపత్రాలు పంచే పిల్లవాడికి కలగలేదు. నా రెండో చేతిలో ఒకటి పెట్టి, "సార్, పైథాన్? డెమో ఫ్రీ" అన్నాడు. ఇరవై నిమిషాల తర్వాత మా ఆవిడ తీర్పు చెప్పింది: "ఈ ఎండ మరీ తెల్లగా ఉందండీ. రేపు పొద్దుటి ఎండలో చూద్దాం."

ఇది పిచ్చి కాదా అని మీరే చెప్పండి.

కరపత్రాన్ని మాత్రం భద్రంగా ఇంటికి తెచ్చుకున్నాను. వెనకవైపు తెల్లగా ఉంటుంది, సిరా పరీక్షకు పనికొస్తుంది. నాకు సిరా కలాలంటే కొంచెం అభిరుచి. మన దేశంలో చేసిన పెన్ను కావాలని గాంధీగారు కోరితే రాజమండ్రిలో రత్నంగారు పెన్నులు చేశారన్న కథ నేను ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతాను. కొందరికి రెండుసార్లు. పదకొండు కలాలు, తొమ్మిది సిరాబుడ్లు ఉన్నాయి. రాయడానికేమీ లేదు కనక "ఈ సిరా బాగుంది" అని రాసుకుంటూ ఉంటాను. రెండు చొక్కాల జేబులకు నీలిమచ్చలున్నాయి, మూతలు సరిగ్గా బిగించని పాపం నాదే.

ఆ సాయంత్రం రాయల్ బ్లూ, బ్లూ బ్లాక్ పక్కపక్కన గీస్తుంటే మా ఆవిడ వచ్చి, "రెండూ నీలమేగా?" అంది. ప్రాణం చివుక్కుమంది. "ట్యూబులైటు కింద ఏం తెలుస్తుంది? కిటికీ దగ్గరికి రా, వెలుతురులో చూడు" అన్నాను.

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దుటి ఎండకు ఆవిడ కన్నా ముందు చెప్పులేసుకుని నిలబడ్డాను.

ఆవిడకు ఇంకో వ్యసనం కూడా ఉంది. పుట్టింటినుంచి తెచ్చుకున్న ట్రంకు పెట్టెలో నవలలు. యద్దనపూడి 'సెక్రటరీ' అట్ట ఊడి, మళ్ళీ అతికి, మళ్ళీ ఊడింది. ఆ నవలను 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమాగా తీశారు గానీ, తను చదివినప్పుడు చూసిన హీరో రాజశేఖరం వేరట. ఎలా ఉంటాడో నేను అడగలేదు. నాలా ఉండడని తెలుసు.

వాటికన్నా విలువైనవి అడుగున ఉంటాయి. వారపత్రికల్లోంచి మా అత్తగారు సీరియళ్ళు చించి, వారాల వరసలో పేర్చి, దబ్బనంతో కుట్టి, క్యాలెండరు అట్టలు వేసిన కట్టలు. అవి చదవడం ఒక విద్య. కథానాయిక ఏడుస్తుంటే పేజీ వెనక ఆవకాయ కొలతలుంటాయి. ఒక కట్టలో మాగాయ దగ్గర హీరో పెళ్ళి ఆగిపోయింది. చివరి వారం లేదు. ఆ వారం పత్రిక ఎరువిచ్చిన పక్కింటివాళ్ళు చించనివ్వలేదట. మొదటి పేజీ చెదలు తినేసింది కనక నవల పేరూ లేదు, రాసినవాళ్ళ పేరూ లేదు. ఆ పత్రిక కోసం ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీది పాత పుస్తకాల గుట్టలు మా ఆవిడతో కలిసి నేనూ తవ్వుతున్నాను. పెన్నులేమైనా దొరుకుతాయేమోనని, అంతే.

ఆనవాలు చెబుతాను: వంతెన మీద హీరో ఇంపాలా కారు ఆగిపోతుంది, కథానాయిక నీలిచీరలో గొడుగు వేసుకుని వస్తుంది. ఈ సీరియలు మీలో ఎవరి ట్రంకు పెట్టెలోనైనా చివరిదాకా ఉంటే దయచేసి చెప్పండి. బదులుగా ఒక బ్లూ బ్లాక్ బుడ్డి ఇస్తాను. ఆ చీర ఏ నీలమో కూడా చూసి చెప్పగలరు, మా ఆవిడ అడుగుతోంది.