ఫ్రిజ్జు తలుపు సూత్రానికి టీకా తాత్పర్యాలు

మూలం

“శునకమునకు పచ్చిమాంసము గృహాంతర్భాగమున పరిశుభ్రముగా వడ్డింపబడవలెను. భోజనానంతరము నేల తుడువబడవలెను.”

అవతారిక

ఈ సూత్రం మా ఫ్రిజ్జు తలుపు మీద, గ్యాస్ బుకింగ్ నంబరుకు కొంచెం పైన, మామిడిపండు మ్యాగ్నెట్ కింద వెలసింది. సూత్రకర్త మా అబ్బాయి. తెలుగులో ఉత్తరం ముక్క రాసి ఎరగడు. ఎక్కడిదో ఇంగ్లీషు కాగితాన్ని ఫోనుచేత తెలుగు చేయించి, ప్రింటు తీసి, లామినేషన్ కూడా వేయించి అంటించాడు. రాతి మీద చెక్కించిన శాసనాన్నయినా శత్రురాజు చెరిపేయగలడు గానీ లామినేషన్ వేయించిన మాటను చెరపడం ఎవరి తరం? పైగా రోజూ దాని ముందు నిలబడి మాకు ప్రవచనం. ‘స్పీసీస్ అప్రోప్రియేట్’ అంటాడు. ఆ మాట పలికేటప్పుడు వాడి కళ్లు అరమోడ్పులవుతాయి. ముప్పై ఒక్కేళ్లు కాలేజీలో తెలుగు చెప్పినవాణ్ణి, నా ఇంట్లో ఇంకొకడు కళ్లు మూసుకుని పాఠం చెబుతుంటే ఒళ్లు మండదా? ఆ మంటే ఈ వ్యాఖ్య.

వ్యాఖ్యాత మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడు. ఆధారం లేనిదేదీ రాయననీ, అక్కర్లేనిదేదీ చెప్పననీ ప్రతిజ్ఞ పట్టిన మహానుభావుడు. అందులో మొదటి సగం నేనూ పడుతున్నాను.

ప్రతిపదార్థం

నేల = స్పష్టం. భోజనానంతరము = స్పష్టం. గృహాంతర్భాగమున = మా బ్రూనో ఎక్కడికి ఈడ్చుకెళితే అక్కడ.

పచ్చిమాంసము = వండనిది. తెలుగు ‘పచ్చి’కి సంస్కృత ‘మాంసము’ను అతికించాడు కదా, ఇది వైరి సమాసమా అని విద్యార్థులు అడుగుతారు. వైరం సమాసంలో లేదు నాయనా, మా వంటింట్లో ఉంది. పచ్చి మాంసానికి సంస్కృతంలో ‘క్రవ్యం’ అని విడిగా ఒక మాట ఉంది. ఇంగ్లీషువాళ్ల ‘రా’కూ దీనికీ దూరపు చుట్టరికం. క్రవ్యం తినేవాడు క్రవ్యాదుడు. అమరసింహుడు ఈ మాటను రాక్షసుడి పేర్లలో చేర్చాడు. ఈ సంగతి మా అబ్బాయితో అంటే, “నాన్నా, అది ల్యాబ్రడార్” అన్నాడు.

శునకమునకు = ఇక్కడ కాస్త ఆగాలి.

పాణిని ఆరో అధ్యాయం నాలుగో పాదంలో, 133వ సూత్రంలో, మూడు శబ్దాలను పక్కపక్కన కూర్చోబెట్టాడు: శ్వన్, యువన్, మఘవన్. అంటే కుక్క, కుర్రవాడు, ఇంద్రుడు. కొన్ని విభక్తుల్లో ఈ మూడింటి వకారమూ ఉకారంగా మారిపోతుంది. అందుకే శునః, యూనః, మఘోనః. వ్యాకరణానికి అంతకన్నా అక్కర్లేదు, దేవేంద్రుడనే మొహమాటం దానికి లేదు. ఒకే దారానికి ఇలా గుచ్చేశాడేమిటని పండితులు ఎన్ని తరాలుగానో నవ్వుకుంటున్న చోటిది. మా ఫ్లాటుకొచ్చి చూస్తే నవ్వరు. సోఫా మీద ఎడమవైపు శ్వ, పక్కన ల్యాప్‌టాప్‌తో యువ. మఘవుడు కింద మొదటి అంతస్తులో ఉంటాడు, అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడు, లిఫ్టుకు అధిదేవత.

పాణిని అంతటితో ఊరుకోలేదు. ‘కుల’ శబ్దానికి ఒక తద్ధిత ప్రత్యయం చేర్చి ‘కౌలేయకః’ అని సాధించి, ఈ రూపానికి కుక్క అనే అర్థమే వస్తుంది సుమా అని నియమం పెట్టాడు. మంచి కులంలో పుట్టిన మనిషిని చెప్పాలంటే ఇంకో ప్రత్యయం వెతుక్కోవాలి. అదే సూత్రంలో కుక్షి నుంచి కత్తి వస్తుంది, గ్రీవ నుంచి కంఠాభరణం వస్తుంది. ఇంటి పేరు నిలబెట్టే భారం మాత్రం కుక్కకే అప్పజెప్పాడు. గొప్ప ఇళ్లవాళ్లం అని చెప్పుకునేవాళ్లు ఈ సూత్రాన్ని తీరిగ్గా చదువుకోవాలి.

కుక్క మాట వచ్చింది కనుక భారతం దగ్గరికి వెళ్లకుండా ఉండలేను. భారత కథ మొదట్లో ఒక కుక్క ఉంది, చివర్లో ఒక కుక్క ఉంది. చివరిది అందరికీ తెలుసు. ధర్మరాజు వెంట నడిచిన కుక్కను చూసి ఇంద్రుడు, కుక్కలు పెంచేవాళ్లకు స్వర్గంలో చోటు లేదన్నాడు. మా మఘవుడిది కూడా లిఫ్టు విషయంలో ఇదే సిద్ధాంతం. మొదటి కుక్కను ఎవరూ తలుచుకోరు. జనమేజయుడు యజ్ఞం చేస్తున్నాడు. దేవతల కుక్క సరమ పిల్ల సారమేయుడు అక్కడికి వచ్చాడు. జనమేజయుడి తమ్ములు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు వాణ్ణి చితకబాదారు. ఏడుస్తూ వెళ్లి తల్లికి చెప్పుకున్నాడు. సంస్కృత భారతంలో తల్లి మొదట ఎందుకు ఏడుస్తున్నావు, ఎవరు కొట్టారు అని అడిగి, ఆ వెంటనే నువ్వేదో తప్పు చేసే ఉంటావంది. హవిస్సు నాకలేదమ్మా, దానివైపు చూడను కూడా చూడలేదు అన్నాడు పిల్లవాడు. అప్పుడు సరమ నేరుగా యజ్ఞశాలకు వెళ్లి అడిగింది. సమాధానం చెప్పేవాడు లేడు. శాపం పెట్టి వెళ్లిపోయింది. అంత మహారాజూ ఆ తర్వాత శాంతి చేయించే పురోహితుడి కోసం వెతుక్కుంటూ తిరిగాడు. నన్నయ కూడా తెలుగు భారతాన్ని ఈ కథ వదలకుండానే నడిపించాడు. నేను క్లాసులో ఈ ఘట్టం చెప్పేటప్పుడు పిల్లలను ఒకటే చూడమనేవాణ్ణి: సరమకు కొట్టింది ఎవరో తెలుసు. ఆమె ఫిర్యాదులో కర్త ఉన్నాడు.

ఏ పదం మీద ఉన్నాం? పరిశుభ్రముగా.

పరిశుభ్రముగా = మడిగా. ఇందులో అనుమానం అక్కర్లేదు. మా నాయనమ్మ మడి చీర దండెం మీద కర్రతో ఆరేసేది, కర్రతోనే తీసేది, మేము పక్కనుంచి పరుగెత్తితే కేక పెట్టేది. మా అబ్బాయికి ఈ కథలు చెబితే కడుపు పట్టుకు నవ్వేవాడు. ఇప్పుడు వాడి ఆచారం చిత్తగించండి. బ్రూనో మాంసానికి విడిగా ఆకుపచ్చ పలక, విడిగా ఎర్రపిడి కత్తి. వాటిని ఇంకెవరూ తాకకూడదు. డబ్బా మూతపెట్టి ఫ్రిజ్జులో అన్నిటికన్నా కింది అరలోనే ఉండాలి, మంచు అక్కడే కరగాలి, గట్టు మీద కాదు. మాంసాన్ని కుళాయి కింద కడగకూడదు, తుంపరలతో సూక్ష్మజీవులు సింకంతా పాకుతాయి. గిన్నె స్టీలుదే, ప్లాస్టిక్కయితే గీతల్లో మురికి దాక్కుంటుంది. చేతులు సబ్బుతో 20 సెకన్లు. మొన్న చపాతీలకు కత్తి కోసం చెయ్యి చాపితే, “నాన్నా, ముట్టుకోకు!” అని కేక. అచ్చం నాయనమ్మ గొంతు.

ఇవన్నీ సరైనవే, అదీ నా బాధ. ఫ్రీజరులో పెడితే సాల్మొనెల్లా చావదు, నిద్రపోతుంది, అంతే. నాయనమ్మ మడికి సూక్ష్మజీవి దొరకలేదు, మనుషులు దొరికారు. ఆ పాపం వేరు, దాన్ని నేను వెనకేసుకు రాను. కానీ ‘క్రాస్ కంటామినేషన్’ అని మా అబ్బాయి నోరు తిరక్క తిప్పుకుంటున్నదానికి తెలుగులో ‘అంటు’ అని రెండక్షరాల మాట ఎప్పటినుంచో ఉంది. దానికి బహువచనం అంట్లు. అవి తోమేదెవరో సూత్రం చెప్పదు. పనికొచ్చే అమ్మాయి మొదటి రోజే తేల్చేసింది: “బోళ్లన్నీ తోముత గానీ గా కుక్క గిన్నె నాతోని గాదమ్మా.”

వడ్డింపబడవలెను = తూచి వడ్డించాలి. బ్రూనో 28 కిలోలు. ఒంటి బరువులో నూటికి రెండున్నర వంతు లెక్కన రోజుకు 700 గ్రాములు. అందులో 80 శాతం కండ, 10 శాతం ఎముక, 5 శాతం కార్జం, తక్కిన 5 శాతం ఇతర అవయవాలు. అంటే కార్జం 35 గ్రాములు. చిన్న త్రాసు మీద 38 చూపిస్తే మా అబ్బాయి చేతికి తొడుగు వేసుకుని, గోరంత గోరంత గిల్లి తీస్తూ, అంకె 35కు దిగేదాకా ఊపిరి బిగపడతాడు. ఇదే పిల్లవాడు ఇంటర్లో రసాయనశాస్త్రం ప్రాక్టికల్స్‌కు ఎగనామం పెట్టాడు.

పూర్వపక్షం

కుక్క తోడేలు వంశం, తోడేలు పచ్చిదే తింటుంది, కనుక కుక్క కూడా. ఈ మతానికి ఆచార్యుడు ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్, ఆకరగ్రంథం 1993లో వచ్చిన ‘గివ్ యువర్ డాగ్ ఎ బోన్’. ఈ ఆహారవిధానాన్ని కుదించి ‘బార్ఫ్’ అంటారు. ఇంగ్లీషులో ఆ మాటకు వాంతి అని కూడా అర్థం. శ్లేషాలంకారం. ఆలంకారికులు దీన్ని ఎలా వదిలేశారో!

సిద్ధాంతం

తోడేలు మనతో కాపురం పెట్టాక మారింది. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు కుక్కలో తోడేలుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ప్రతులుగా ఉందని 2013లో ‘నేచర్’ పత్రికలో పరిశోధకులు చూపించారు. మా ఊళ్లో మజ్జిగన్నం తిని వాకిట్లో పడుకున్న కుక్కలు ఏ పత్రికా చదవకుండానే ఆ సంగతి చూపించాయి. పచ్చిమాంసం పెట్టడం మంచిది కాదని అమెరికా పశువైద్యుల సంఘం 2012లోనే తీర్మానించింది. కుక్కకు ఏమీ కాకపోయినా దాని నోటినుంచి, పెంటనుంచి ఇంట్లోని పసిపిల్లలకూ ముసలివాళ్లకూ ప్రమాదమని వాళ్ల భయం. ముసలివాళ్లు అంటే మేము. ఇది చదివి వినిపిస్తే మా అబ్బాయి, “అందుకే కదా తుడవమంటున్నది” అన్నాడు.

తుడవమంటున్నది ఎవరిని?

తుడువబడవలెను = ఇప్పటిదాకా వాయిదా వేసిన పదం ఇదే. కర్మణి ప్రయోగం. ‘బడు’ ధాతువును ఇలా ఎడాపెడా తగిలించడం తెలుగుకు సహజం కాదని నేను పిల్లలకు మొదటి ఏడాదే చెప్పేవాణ్ణి. చెప్పని రెండో కారణం ఇప్పుడు తెలిసింది. ఈ ప్రయోగంలో పని ఉంటుంది, పనిచేసే మనిషి మాయమవుతుంది. వడ్డింపబడుతుంది, తుడువబడుతుంది, తోమబడుతుంది. ఆకాశం నుంచి గంధర్వులు దిగివచ్చి తోముతారేమో!

పొద్దున ఏడింటికి మా హాలు చూడండి. గిన్నెలో పెట్టిన కోడి మెడను బ్రూనో గిన్నెలో తినదు. నోట కరుచుకుని, తోక ఊపుకుంటూ, దివాను పక్కన కాళ్లు తుడుచుకునే పట్టా మీదికి తెస్తుంది. రెండు పంజాల మధ్య నిలబెట్టి, తల ఓ పక్కకు వంచి, వెనక పళ్లతో కటుక్కుమనిపిస్తుంది. ఆనందం పట్టలేక ఒకసారి విసిరి పట్టుకుంటుంది. ఆ విసురుకు శబ్దరత్నాకరం అట్ట మీద ఎర్రటి చుక్క. పట్టా నుంచి వంటింటి గడప దాకా నీరెండలో మెరుస్తూ జిగట చార. మా అబ్బాయి అప్పటికి మీటింగులో ఉంటాడు. మా ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని వేణ్నీళ్లూ సబ్బూ పట్టించి, తర్వాత బ్లీచింగ్ నీళ్లతో తుడుస్తూ వస్తుంది. మోకాళ్లకు డాక్టరు కిందటేడే మెట్లు ఎక్కొద్దన్నాడు. నా పడక కుర్చీ దగ్గరికి వచ్చేసరికి, “కాళ్లెత్తండి” అంటుంది. ఎత్తుతాను. ఈ వ్యాఖ్యలో చాలా భాగం అలా కాళ్లెత్తుకుని రాసిందే.

పాఠాంతరం

ఆదివారం పొద్దున ఫ్రిజ్జు మీద రెండో వాక్యం కనిపించలేదు. లామినేషన్ మీద తెల్ల ప్లాస్టరు అంటించి, నీలం స్కెచ్ పెన్నుతో ఇలా రాసి ఉంది: “నేల తుడిచేది: సోమ, బుధ, శుక్ర – అబ్బాయి. మిగతా రోజులు – మీ నాన్న.”

ఇది ప్రక్షిప్తమని మా అబ్బాయి వాదిస్తున్నాడు. దస్తూరీ చూస్తే మూలంకన్నా ప్రామాణికంగానే ఉంది. బడు ధాతువు లేదు, కర్తలిద్దరూ ఉన్నారు, దోషం పట్టడానికి లేదు.

మీ నాన్న = స్పష్టం.