తైలపరీక్షకులు

ఉద్యోగవిరమణానంతరము కారొకటి కొని, దానిని సంతానముకంటె నెక్కుడు గారాబముతో పోషించు పెద్దమనిషి విజయవాడలో, ముఖ్యముగా పటమట ప్రాంతమున, వీథికొక్కరైనను కలరు. కారు తిరుగుట స్వల్పము: ఉదయము రైతుబజారు, సాయంకాలము బెంజిసర్కిలు. ఇంజను వేడెక్కులోపలనే గమ్యము వచ్చును.

అయినను ఆయన చింత యంతయు ఇంజనాయిలు మీదనే. కాఫీ ముగియగానే బానెట్టు ఎత్తి, డిప్‌స్టిక్కు లాగి, కొనయందలి బిందువును బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నలిపి, నాడి పట్టిన ఆయుర్వేదవైద్యునివలె కన్నులు మూసి, "నల్లబడిందోయ్, మార్చేయాలి" అని తీర్పు చెప్పుదురు.

నిజమునకు నల్లబడుట ఆయిలునకు దోషము కాదు, ఉద్యోగధర్మము. అందలి డిటర్జెంటు ద్రవ్యములు ఇంజనులోని మసిని పట్టి నిలుపుటచే, డీజిలు బండిలోనైతే క్రొత్త ఆయిలు సయితము కొలదిదినములకే నల్లనగును. మినరల్ ఆయిలునకు సుమారు 5000 కిలోమీటర్లు, సింథటిక్కునకు 10000 లేదా ఒక సంవత్సరము, ఏది ముందైన అది, అని కంపెనీ పుస్తకములు సామాన్యముగా చెప్పుమాట. మనవారు ఆ పుస్తకమును బీమా కాగితములతో బీరువాలో భద్రపఱచి, ఖరీదైన సింథటిక్కునే పోయించి, తండ్రిగారి అంబాసిడరు నాటి ఆచారము ననుసరించి ఉగాదికొకమారు, దసరాపూజకొకమారు మార్పింతురు. ఖర్చు నవీనము, గడువు ప్రాచీనము!

కంకిపాడు తోడల్లునిది ప్రతిపక్షము. "సింథటిక్కండీ అన్నయ్యగారూ, పదిహేనువేలదాకా మూత తియ్యక్కర్లేదు." పెండ్లిపంక్తిలో పులిహోర పడినది మొదలు పెరుగు వచ్చువఱకు వీరి వాదము సాగగా, కట్నముల తగవేమోయని వియ్యాలవారు కంగారుపడిన సందర్భములును కలవు.

చిత్రమేమనగా, న్యాయము చాలవఱకు మన పెద్దమనిషి పక్షమునే యున్నది. ఆ పుస్తకమునందే, చిన్న అక్షరములలో, దగ్గర ప్రయాణములు, దుమ్ము, తీవ్రమైన యెండ గలచోట గడువు తగ్గింపవలయునని యుండును. ఇంజను సరిగా వేడెక్కనిచో తేమయు, కాలని పెట్రోలును ఆవిరిగాక ఆయిలునందే మిగిలి దానిని పలుచబఱచును. ఇక బెజవాడ యెండకు సాక్ష్యమేల? కాని యీ వాక్యము ఆయన కంట బడలేదు. పడినను నలుపునే నమ్మెదరు గాని అచ్చును నమ్మరు.

ఆటోనగరులో డ్రైన్‌నట్టు విప్పగా, కోసిన డబ్బాలోనికి ధారకట్టు ఆయిలును కళ్లజోడు సవరించుకొని చూచుచు, "చూశావా, ఎంత విషమో!" అని తృప్తిపడుదురు. మెకానిక్కు తల యూపును. ఆ తీసిన ఆయిలు సెంట్రింగు మేస్త్రీలకు పోవును. పలకలకు కాంక్రీటు అంటకుండ పూయుదురు. వారిలో నొకడు మొన్న మెకానిక్కును ప్రక్కకు పిలిచి, "ఇంత నికార్సయిన సరుకు ఇంకెక్కడా దొరకట్లేదు, బాబాయిగారు మళ్లీ ఎప్పుడొస్తారు?" అని యడిగెనట.