ధ్యానాంశం మాస్టారు

తెల్లవారుజామున ముందు లేచేది కోడా, మాస్టారా అని విచారణలో (పారిష్‌లో) కొన్నాళ్ళు పోటీ నడిచింది. పేతురు బొంకిన రాత్రి నుంచీ క్రైస్తవ చరిత్రలో తనకంటూ ఒక చోటున్న కోడి కూడా చివరికి ఓడిపోయి ఊరుకుంది. సరిగ్గా నాలుగున్నరకి విచారణ వాట్సాప్ గ్రూపులో ఒక గులాబీ పువ్వు పడుతుంది. పువ్వు మీద మంచుబొట్టు, దాని కింద తేదీ, ఆ కింద ‘సామాన్య కాలం 13వ వారం, శుక్రవారం, పూజా వస్త్రాల రంగు ఆకుపచ్చ’. తర్వాత మొదటి పఠనం, భక్తి కీర్తన, సువిశేషం, వాటి అధ్యాయాలు, వచనాలు. అన్నిటికీ కింద అసలు సరుకు, మాస్టారి ధ్యానాంశం. అది ఎంత పొడుగంటే చదవాలనుకున్నవాడు ‘ఇంకా చదవండి’ అన్నచోట మూడుసార్లు నొక్కాలి. అందరూ ఒక్కసారీ నొక్కకుండానే రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి అటు తిరిగి పడుకుంటారు.

ఈయన ఫలానా ఊరాయన అని చెప్పడం కష్టం. ఫిరంగిపురంలో రిటైరైన లెక్కల మాస్టారు కావచ్చు, గుణదల కొండ కింద రైల్వే గార్డు కావచ్చు, సికింద్రాబాదులో బ్యాంకు క్యాషియరు కావచ్చు. ఫాదర్ గారు కొన్నేళ్ళకి బదిలీ అవుతారు, మాస్టారికి బదిలీ లేదు. కొత్త ఫాదర్ గారు వచ్చి పెట్టె దించుకునేలోపే ‘రేపటి పఠనం హెబ్రీయులకు రాసిన లేఖ, కాస్త కఠినం ఫాదర్’ అని చెప్పి వెళ్ళే మనిషి ఎవరో, ఆయనే మన మాస్టారు.

రోజుకో పఠనం ఎక్కణ్ణుంచి వస్తుందని పిల్లలెవరైనా అడిగితే మాస్టారు ప్రాణం లేచొస్తుంది. రెండో వాటికన్ మహాసభ 1963లో బైబిలు నిధిని జనానికి ఇంకా ధారాళంగా తెరవమంది. దాని ఫలితంగా 1969లో కొత్త పఠనాల పట్టిక వచ్చింది. ఆదివారాలకి మూడేళ్ళ చక్రం, మామూలు రోజుల మొదటి పఠనానికి రెండేళ్ళ చక్రం, మామూలు రోజుల సువిశేషానికి ఏటా అదే వరస. ఇదంతా ఆయన ఎంసెట్ ప్రశ్నపత్రంలా చెబుతారు. “ఏ సెట్టు మత్తయి, బి సెట్టు మార్కు, సి సెట్టు లూకా. సంవత్సరం అంకెలు కూడు, మూడుతో భాగించు. శేషం ఒకటైతే ఏ, రెండైతే బి, సున్నా అయితే సి. 2025 ఎంత? రెండూ రెండూ ఐదూ తొమ్మిది. శేషం సున్నా. లూకా!” లెక్క తప్పకుండా కుదురుతుంది. “మరి యోహానుకి సెట్టు లేదా తాతయ్యా?” అని ఒక కుర్రాడు అడిగాడట. “యోహాను ఇన్విజిలేటరురా, అన్ని గదుల్లోనూ తిరుగుతాడు” అన్నారట మాస్టారు.

సంవత్సరం అంటే జనవరితో మొదలయ్యేది కాదు, క్రిస్మస్‌కి నాలుగు ఆదివారాల ముందు ఆగమన కాలంతో మొదలయ్యేది. అందుకని నవంబరు ఆఖరునో డిసెంబరు మొదట్లోనో ఆయన గ్రూపులో ‘నూతన సంవత్సర శుభాకాంక్షలు’ పెడతారు. ఏటా ఎవరో ఒకరు కంగారుపడి క్యాలెండరు చూసుకుంటారు. డల్లాస్‌లో ఉన్న కొడుకు ఆ గందరగోళానికి అలవాటు పడ్డాడు. ఇక్కడి తెల్లవారుజాము నాలుగున్నర అంటే, వేసవిలో అక్కడ ముందురోజు సాయంత్రం ఆరు. తండ్రి పుణ్యమా అని అతనికి రేపటి సువిశేషం ఇవాళే అందుతుంది. ఆఫీసు నుంచి వస్తూ సిగ్నల్ దగ్గర కారాపి ఒక నమస్కారం బొమ్మ కొట్టేస్తాడు.

రంగుల విషయంలో కూడా మాస్టారు కచ్చితం. సామాన్య కాలంలో ఆకుపచ్చ చొక్కా, వేదసాక్షి పండుగైతే ఎరుపు, తపస్సు కాలంలో ఊదా. ఆగమన కాలం మూడో ఆదివారానికీ తపస్సు కాలం నాలుగో ఆదివారానికీ గులాబీ రంగు వేయవచ్చని చదివిన ఏడు ఆయన దగ్గర గులాబీ చొక్కా లేదు. భార్య శాలువా కప్పుకుని గుడికి బయల్దేరారు. పాపం ఆవిడ ఆ డిసెంబరు చలిలో శాలువా లేకుండా వెనక నడిచింది.

ఇక ధ్యానాంశం తయారీ. మాస్టారి సిద్ధాంతం ప్రకారం ప్రతి వాక్యంలోనూ మూడు సంగతులుంటాయి, మూడూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. ప్రార్థన, ప్రేమ, ప్రాయశ్చిత్తం. సహనం, సమర్పణ, సాక్ష్యం. ఒకరోజు ప్రార్థన, ప్రేమ దొరికాయి, మూడో ‘ప్ర’ దొరకలేదు. నాలుగూ ఇరవై దాటింది, గులాబీ పువ్వు సిద్ధంగా ఉంది. చివరికి దొరికిన మూడో సంగతి ప్రహరీ గోడ. గుడి ప్రహరీకి చందా బాకీ ఉన్నవాళ్ళ మీద ఆ రోజు ధ్యానాంశం సాగినంత ధారగా మరెప్పుడూ సాగలేదు.

2024 జూలై ఆఖరి నుంచి ఆగస్టు దాకా ఆయనకి కష్టకాలం వచ్చింది. అది బి సెట్టు ఏడు. మార్కు సువిశేషం పొట్టిది కాబట్టి, ఆ ఏడు సామాన్య కాలం 17వ ఆదివారం నుంచి 21వ ఆదివారం దాకా యోహాను ఆరో అధ్యాయం వస్తుంది. ఐదు రొట్టెల అద్భుతం, ఆపైన జీవాహారం. ఐదు ఆదివారాలూ రొట్టే. అనుభవజ్ఞులైన గురువులే మూడో వారానికి నీళ్ళు నములుతారు. మాస్టారు మొదటివారం రొట్టె అన్నారు, రెండోవారం గోధుమ, మూడోవారం రైతు, నాలుగోవారం రేషన్ కార్డు, ఐదోవారం షుగరు వ్యాధి. షుగరు మీద రాసింది మాత్రం చాలామంది దాచుకున్నారు.

ఆయన ధ్యానాంశాలన్నిటికీ ఒక లక్షణం ఉంది. వాక్యం ఎప్పుడూ పక్కింటివాళ్ళ గురించే ఉంటుంది. ధనవంతుడు, లాజరు కథ వస్తే అది మేడ మీద మేడ కట్టిన కాంట్రాక్టరుకి. తప్పిపోయిన కుమారుడి కథ వస్తే అది మేనల్లుడికి. 2024 జూలై 5న, ఆ 13వ వారం శుక్రవారమే, మొదటి పఠనం ఆమోసు ప్రవక్తది. తప్పుడు తూకాలతో పేదల్ని దోచేవాళ్ళ మీద ప్రవక్త నిప్పులు కురిపించే భాగం. మాస్టారు ఆ నిప్పుల్ని తిన్నగా వీధి చివర కిరాణా కొట్టు మీద పోశారు. కొట్టాయన గ్రూపులోనే ఉన్నాడు. ఆరింటికి షట్టరు ఎత్తాక తీరిగ్గా జవాబు పెట్టాడు: “వందనాలు మాస్టారూ. మంచి వాక్యం. మీ పాత బాకీ 1,840.”

వాక్యం తన గుమ్మం ముందుకే వచ్చి నిలబడిన రోజుల్లో ఆయన చేసేదేమిటో కనిపెట్టాలంటే కాస్త ఓపిక ఉండాలి. విభూది బుధవారం సువిశేషం ఏటా ఒకటే, మత్తయి ఆరో అధ్యాయం. దానం చేస్తూ బాకా ఊదించుకోవద్దు, ప్రార్థన తలుపులేసుకుని చేసుకో, ఉపవాసమున్నట్టు మొహం వేలాడదీయకు అని యేసు చెప్పే భాగం. మాస్టారు దాన్ని నుదుట విభూదితో దిగిన సెల్ఫీ కింద పెడతారు, ‘ఈరోజు ఒంటిపూట’ అన్న వివరంతో సహా. ప్రసంగం ఎనిమిది నిమిషాలు దాటకూడదని పోప్ ఫ్రాన్సిస్ 2024 జూన్‌లో అన్న వార్త చూడగానే ఫాదర్ గారికి పంపారు. వార్త మీద తన ఆలోచనలు కూడా ఆడియోగా జతచేశారు. నిడివి పదకొండు నిమిషాలు.

అన్నిటికన్నా పనికొచ్చే ఉపాయం ఇంకొకటుంది. రోజుకి ఒక పఠనం, ఒక సువిశేషం ఉంటాయి కదా, ఒకటి తగిలేలా ఉంటే రెండోదాని మీద రాయడమే. 2022 ఫిబ్రవరి 19 శనివారం మొదటి పఠనం యాకోబు లేఖ మూడో అధ్యాయం. మీలో ఎక్కువమంది బోధకులు కాబోకండి, బోధకులకి తీర్పు మరింత కఠినం అని మొదలై, నాలుక ఎంత చిన్న నిప్పో, ఎంత పెద్ద అడవిని తగలబెడుతుందో చెబుతుంది. రోజూ బోధించే మనిషి ఆ రోజు సువిశేషం ఎక్కి కూర్చున్నారు. అందులో యేసు కొండ మీద రూపాంతరం చెందుతాడు. పేతురుకి ఏం మాట్లాడాలో తెలియక ‘మూడు గుడారాలు వేస్తాం’ అంటాడు. ఆ గుడారాల మీద మాస్టారు మూడు పేజీలు రాశారు.

అలాగని ఆయన రాసిందంతా ఊకదంపుడని కొట్టేయకూడదు. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ రోములో కార్డినల్ అయ్యారు. ఆ పదవి అందుకున్న తొలి తెలుగువారు, తొలి దళితుడు. పట్టికని ఎవరూ ఆ రోజు కోసం దిద్దలేదు, అది ఎప్పుడో రాసిపెట్టిన వరస. అయినా ఆ శనివారం మొదటి పఠనం కొరింతీయులకు రాసిన మొదటి లేఖలోది. లోకం అల్పులని తోసేసినవాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడని పౌలు చెప్పే భాగం. ఆ తెల్లవారుజామున గులాబీ పువ్వు రాలేదు, మూడు సంగతులూ లేవు. ‘మా నాయన అక్షరం రానివాడు. గుడిలో లాటిన్ పూజ జరుగుతుంటే అర్థం కాక జపమాల తిప్పుకునేవాడు. ఈరోజు పఠనం ఆయనకి తెలుగులో చదివి వినిపించాలనుంది’ అని మాత్రం రాశారు. చేతులు జోడించిన బొమ్మలు పెట్టడానికి చాలామందికి మధ్యాహ్నమైంది.

మర్నాడు ఆదివారం మళ్ళీ మూడు సంగతులు: విందు, వినయం, విస్తరి.

ఈ వరసకి ఒకసారి అడ్డం వచ్చింది, 2023 వేసవిలో పడ్డ కంటి శుక్లం ఆపరేషన్. డాక్టరు పదిరోజులు ఫోను ముట్టుకోవద్దన్నారు. ముట్టుకోకుండా మాట్లాడొచ్చు కదా అని మాస్టారు వాదించారు. ఏర్పాటు ఏమిటంటే, నాలుగింటికి భార్య లేచి, కంట్లో చుక్కలు వేసి, ఆ రోజు పఠనాలు పైకి చదవాలి. ఆయన నల్లద్దాలు పెట్టుకుని విని, ధ్యానాంశం నోటితో చెబితే ఫోను రికార్డు చేసుకుంటుంది.

జూన్ 6, మంగళవారం. సామాన్య కాలం తొమ్మిదో వారం, మొదటి పఠనం తోబితు గ్రంథం. ఇది కథోలికుల 73 గ్రంథాల బైబిల్లో ఉంటుంది, ప్రొటెస్టెంట్ల 66లో కనబడదు. పట్టికలో బేసి సంవత్సరాల్లోనే వస్తుంది, అదీ ఈస్టరు ముందువెనకలైతే ఆ వారం మొత్తం ఎగిరిపోతుంది. అందుకని ఆవిడకి ఆ కథ అంతగా గుర్తులేదు. పుస్తకం కాగితాల మీద వేలు పెట్టి, కళ్ళజోడు సర్దుకుంటూ, మాట మాటా కూడబలుక్కుంటూ చదివింది. తోబితు ధర్మాత్ముడు. ఒక రాత్రి గోడ పక్కన పడుకుంటే పిచ్చుకల రెట్ట కళ్ళలో పడి చూపు పోయింది. ఇల్లు గడవడానికి భార్య అన్నా నూలు పని చేసింది. ఒకరోజు పని ఇచ్చినవాళ్ళు కూలి మీద ఒక మేకపిల్లని కూడా ఇచ్చారు. తోబితు దాని అరుపు విని, ఎక్కడ దొంగిలించావు, తిరిగిచ్చెయ్ అన్నాడు. కాదు, నాకిచ్చారు అని ఆమె చెప్పినా నమ్మలేదు.

“ఊఁ, సువిశేషానికి రా” అన్నారు మాస్టారు. ఆ రోజు సువిశేషం సీజరుకి పన్ను కట్టాలా వద్దా అన్నది. ప్రహరీ గోడ మనసులో మెదులుతోంది.

“ఉండండి, ఇంకా అవలేదు.” అన్నా మొగుడికి చెప్పిన జవాబు దగ్గరికి వచ్చింది ఆవిడ. నీ దానధర్మాలేమయ్యాయి, నీ పుణ్యమంతా ఏమైంది, నీ సంగతి అందరికీ తెలుస్తూనే ఉంది కదా అన్న అర్థంలో ఉంటుంది అది. ఆవిడ ఒకసారి చదివింది. ఆగింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ చదివింది, ఈసారి కూడబలుక్కోకుండా.

“అది వదిలెయ్యవే.”

“నేనెక్కడ వదలనండీ, పుస్తకంలో ఉంది. ఆ శాలువా సంగతి కూడా రాసుంటే బావుండేది.”

తర్వాత కాసేపు ఏమీ వినబడలేదు. చుక్కల మందు సీసా బల్ల మీద పెట్టిన చప్పుడు, ఎక్కడో దూరంగా కోడి కూత. ఇవన్నీ విచారణకి ఎలా తెలిశాయంటే, నాలుగింటికే రికార్డు నొక్కి ఉంచింది ఆవిడ. నాలుగున్నరకి పంపమన్నారు, పంపింది.

ఆ ఆడియోని చివరిదాకా విననివాళ్ళు గ్రూపులో లేరు. కిరాణా కొట్టాయన షట్టరు ఎత్తకుండానే విన్నాడు. డల్లాస్ కొడుకు సిగ్నల్ పచ్చబడ్డా కదల్లేదు, వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. ఫాదర్ గారు ఎప్పుడూ పెట్టే నమస్కారం బొమ్మ పెట్టలేదు. ‘రేపటి పఠనాలు కూడా అమ్మగారే చదువుతారా?’ అని మాత్రం రాశారు. అదే ప్రశ్న సాయంత్రంలోగా మరో ఆరుగురు వేశారు.

మాస్టారు నల్లద్దాల వెనక నుంచి బుధవారం పఠనాలేమిటో కనుక్కున్నారు, ఎటు తప్పుకోవచ్చో చూద్దామని. మొదటి పఠనం తోబితులోనే, ఏడుగురు మొగుళ్ళు పోయిన సారా కథ. సువిశేషం మార్కు పన్నెండో అధ్యాయం, వరసగా ఏడుగురు అన్నదమ్ముల్ని పెళ్ళాడిన ఆవిడ కథ. రెండిట్లో ఏది కావాలంటే అది మొదలుపెడతానని ఆవిడ అలారం మూడుంపావుకే పెట్టుకుంది.