మొహాలీని అప్పుడే మర్చిపోయారా?

దేశంలో చిప్పుల తయారీ ఇప్పుడే మొదలవుతోందని టీవీలో కుర్రాళ్లు చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. నలభై ఏళ్ల కిందటి సంగతి వీళ్లకెవరూ చెప్పలేదా?

మా రోజుల్లో రిపేరు బల్ల మీదికి ఈసీ టీవీ వచ్చిందంటే, వెనక మూత తీయగానే అంతా కళ్లముందుండేది. 1967లో అయ్యగారి సాంబశివరావు గారు హైదరాబాద్‌లో నిలబెట్టిన ఈసీఐఎల్ సరుకది. ఇవాళ ఏఎస్‌రావు నగర్‌లో ఫ్లాట్లు కొన్నవాళ్లలో ఎంతమందికి ఆ పేరు ఎవరిదో తెలుసు? ట్రాన్సిస్టర్ పోతే కోఠీకి వెళ్లేవాళ్లం, బెంగళూరు బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాళ్లది తెచ్చి సోల్డరింగ్ చేసేవాళ్లం. ఇప్పుడు ఫోన్ చెడితే ‘బోర్డు మార్చాలి అంకుల్’ అంటారు. ఆ బోర్డు మీద చిప్పులు ఎక్కడ చేశారో, లోపల ఏం పెట్టారో మార్చేవాడికీ తెలియదు, అమ్మేవాడికీ తెలియదు. 2024 సెప్టెంబరులో లెబనాన్‌లో జనం జేబుల్లోనే పేజర్లు పేలాయి. సరుకు మన చేతికి రాకముందు దాని మీద ఎవరి చెయ్యి పడిందో తెలియకపోతే ఎలా?

నా కడుపుమంటంతా మొహాలీ గురించే. అక్కడి ప్రభుత్వ చిప్పుల ఫ్యాక్టరీ సెమీకండక్టర్ కాంప్లెక్స్ 1984లో 5 మైక్రాన్ల చిప్పులతో మొదలుపెట్టి, ఇంకా సన్నని 0.8 మైక్రాన్ల దాకా వచ్చింది. ఇవాళ ప్రపంచమంతా ఎవరి గుమ్మం ముందు నిలబడుతోందో, ఆ తైవాన్ చిప్పుల కంపెనీ టీఎస్ఎంసీ పుట్టింది 1987లో. మనమే ముందు! 1989 ఫిబ్రవరి 7న మొహాలీ ఫ్యాక్టరీ తగలబడింది. ప్రమాదాలు ఎక్కడైనా జరుగుతాయి. మళ్లీ ఉత్పత్తి మొదలవడానికి 1997 దాకా పట్టింది చూడండి, అది నేను క్షమించలేను. రెండేళ్లకో తరం మారే రంగంలో ఎనిమిదేళ్లు చేతులు ముడుచుకు కూర్చున్నాం. అదే 1997లో ఐటీఏ (సమాచార సాంకేతిక ఉత్పత్తుల) ఒప్పందంలో చేరి, 2005కల్లా ఆ సరుకుల మీద దిగుమతి సుంకాలు ఎత్తేశాం. బయటి సరుకు చవగ్గా వచ్చిపడితే సంబరపడ్డాం. ఇక్కడ విడిభాగాలు చేసేవాళ్లు దెబ్బతిన్నారు. 2021లో చిప్పుల్లేక బుక్ చేసిన కార్లు నెలల తరబడి రాకపోతే గానీ జనానికి తెలిసిరాలేదు.

గుజరాత్‌లోని ధొలేరాలో టాటావాళ్లు 91,000 కోట్ల రూపాయలతో ఫ్యాబ్ (చిప్పుల ఫ్యాక్టరీ) కడుతున్నారు, సంతోషం. ఆంధ్రకూ 2025 ఆగస్టులో ఓ ప్యాకేజింగ్ యూనిట్ మంజూరైంది. అదీ కావాల్సిందే. కానీ ఇంకెక్కడో తయారైన సిలికాన్ వేఫర్‌ని కోసి, తొడుగు వేసి, పరీక్షించి పంపడాన్ని చిప్పు తయారీ అని చెప్పుకోకండి.

2025లో బయటికొచ్చిన ‘విక్రమ్’ రాకెట్ ప్రాసెసర్‌ని ఆ మొహాలీలోనే చేశారు. 180 నానోమీటర్లేనా అని పెదవి విరుస్తున్నారు. రాకెట్‌లో వేడికీ కుదుపుకీ తట్టుకోవాలి, సెల్ఫీలు దిగడానికి కాదది! మొహాలీకి కొత్త యంత్రాలిచ్చే పని నాన్చకండి. అక్కడ పనిచేసి రిటైరైనవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్లు ఉండగానే కుర్రాళ్లను పక్కన కూర్చోబెట్టి పని నేర్పించండి.