నేను రాయబారి కారు జెండాను

పరిస్తే రుమాలంత ఉంటాను. కారు ముందు భాగంలో నిలబెట్టిన సన్నటి కడ్డీయే నా ఇల్లు. నా ఒంటి మీద అడ్డంగా నాలుగు పట్టీలు: పైన నీలం, దాని కింద తెలుపు, ఆకుపచ్చ, పసుపు. ఆ నాలుగింటినీ మధ్యలో నిలువుగా కలుపుతూ ఒక ఎర్ర పట్టీ. నీలం మూలలో పసుపు నక్షత్రం. నేను సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్ జెండాను. నా కొలువు మాత్రం పారిస్‌లో, మా దేశ రాయబారి కారు మీద.

భవనం మీది పెద్ద జెండాకు కదలిక లేదు. నేను రాయబారితో పాటు తిరుగుతాను. ఆయన కారెక్కితేనే డ్రైవరు నా తొడుగు తీస్తాడు. ఆయన దిగిపోయి ఖాళీ బండి వెనక్కి వస్తుంటే మళ్లీ తొడుగేస్తాడు. ఈ మర్యాద ఎవరో సరదాకి పెట్టుకున్నది కాదు. దౌత్య సంబంధాలపై 1961లో వియన్నాలో కుదిరిన ఒప్పందంలో 20వ అధికరణం ఉంది. రాయబార కార్యాలయం మీదా, రాయబారి నివాసం మీదా, ఆయన ప్రయాణించే వాహనం మీదా సొంత దేశం జెండా పెట్టుకునే హక్కును అది ఇచ్చింది. నేను ఎగురుతున్నానంటే ఆ బండిలో ఒక దేశం తరఫు మనిషి కూర్చున్నాడని అర్థం.

నేను చెప్పబోయేది అలాంటి ఒక మనిషి కథ. ఆయన పేరు జనరల్ సిల్వెస్టర్ బాంగీ. మా రాజధాని పేరూ ఆయన పేరూ ఒకటే. సైన్యం నుంచి వచ్చి రాయబారి అయ్యాడు. ఆయన కథ అర్థం కావాలంటే ముందు నా పుట్టుక తెలియాలి.

నన్ను ఊహించినవాడు బార్తెలెమీ బొగాండా. ఫ్రాన్సు మా నేలను ఉబాంగీ-షారీ అనే పేరుతో ఏలుతున్న రోజుల్లో, 1910లో, లొబాయే అడవుల్లోని బొబాంగీ అనే ఊళ్లో పుట్టాడు. అడవులను ఫ్రెంచి కంపెనీలకు రాసిచ్చేసిన కాలమది. అడవి రబ్బరు సేకరించి తేవడం ఊరివాళ్లకు తప్పనిసరి. తక్కువ తెస్తే దెబ్బలు. రబ్బరు సరిపడా తేలేదని కంపెనీ మనుషులు కొట్టిన దెబ్బలకే బొగాండా తల్లి చనిపోయింది. ఆ అనాథ పిల్లాణ్ని మిషనరీలు చదివించారు. 1938లో ఉబాంగీ-షారీలో మొదటి ఆఫ్రికన్ కాథలిక్ గురువు అయ్యాడు. 1946లో ఫ్రాన్సు పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. వెట్టిచాకిరీ మీదా, బలవంతపు పత్తి సాగు మీదా పారిస్‌లోనే నిలబడి మాట్లాడాడు. 1949లో సొంత పార్టీ పెట్టాడు. మా సాంగో భాషలో ఆయన ఇచ్చిన మాట 'జో క్వే జో', ప్రతి మనిషీ మనిషే అని. ఇవాళ్టికీ అది మా రాజముద్ర మీద ఉంది.

1958 డిసెంబరు 1న గణతంత్ర ప్రకటనతో పాటే నేనూ పుట్టాను. బొగాండా ఫ్రాన్సు జెండాలోని నీలం, తెలుపు, ఎరుపులనూ, ఆఫ్రికా దేశాలు తమవనుకున్న ఎరుపు, ఆకుపచ్చ, పసుపులనూ ఒకే బట్టలో కలిపాడు. రెండింటికీ ఉమ్మడి రంగు ఎరుపు. అందుకే అది నిలువుగా అన్నిటినీ దాటుకుంటూ వెళ్తుంది. నిజానికి ఆయన ఒక్క ఉబాంగీ-షారీ కోసం నన్ను కుట్టించలేదు. పక్కనున్న గబాన్, కాంగో, చాద్ కూడా కలిసి ఒకే పెద్ద దేశం కావాలని కోరుకున్నాడు. వాళ్లు ఒప్పుకోలేదు. ఆ పెద్ద దేశం కోసం అనుకున్న పేరూ జెండా ఒక్క ఉబాంగీకే మిగిలాయి. నాలుగు నెలలు తిరగకుండానే, 1959 మార్చి 29న, విమానం కూలి బొగాండా చనిపోయాడు. 1960 ఆగస్టు 13న స్వాతంత్ర్యం వచ్చేసరికి ఆయన లేడు. దావీద్ డాకో తొలి అధ్యక్షుడయ్యాడు.

అదే బొబాంగీ ఊరికి చెందిన ఇంకొకడు జాన్-బెడెల్ బొకాసా. బొగాండాకు బంధువు. ఊరి పెద్ద అయిన అతని తండ్రిని 1927లో వలస అధికారులు ఎంబాయికీలో కొట్టి చంపారు. ఆ దుఃఖం తట్టుకోలేక తల్లి ప్రాణం తీసుకుంది. బొకాసా ఫ్రెంచి సైన్యంలో చేరి ఎదిగాడు. 1965 డిసెంబరు 31 రాత్రి డాకోను దించి గద్దెనెక్కాడు. ఒకే ఊరు, ఒకే రకం అన్యాయం. ఒకాయన ఆ అన్యాయం నుంచి ప్రతి మనిషీ మనిషే అనే మాటకు చేరాడు. రెండోవాడు చేతిలోకి అధికారం వచ్చాక తన తండ్రిని కొట్టినవాళ్ల దారినే పట్టాడు.

1976 డిసెంబరులో అతను మా గణతంత్రాన్ని సామ్రాజ్యంగా మార్చేశాడు. మరుసటి ఏడాది డిసెంబరు 4న నెపోలియన్ పట్టాభిషేకాన్ని తలపించేలా తనకు తానే కిరీటం పెట్టుకున్నాడు. డేగ ఆకారంలో భారీ సింహాసనం, గుర్రాలు, రథం. ఖర్చు రెండు కోట్ల డాలర్లు దాటిందని అంచనా. సముద్రతీరమే లేని, రోడ్లూ ఆసుపత్రులూ చాలినన్ని లేని దేశం అది. తన కోసం వేరే రాచ పతాకం చేయించుకున్నాడు గానీ, దేశం జెండాను మాత్రం మార్చలేదు. కాబట్టి సామ్రాజ్యంలోనూ నేను నేనే. బొగాండా ఇచ్చిన రంగులతోనే చక్రవర్తి రాయబారి కారు మీద ఎగిరాను. నాకు అంతకన్నా పెద్ద పరీక్ష ఇంకోటి రాలేదు.

రాయబారి ఉద్యోగం బయటినుంచి చూసేవాళ్లకు విందులూ కరచాలనాలూ మాత్రమే అనిపిస్తుంది. అందులో చాలా బరువుంది. ఎవరిని పంపుతున్నామో ముందు ఆ దేశానికి చెప్పి సమ్మతి తీసుకోవాలి. వచ్చాక తన దేశాధినేత ఇచ్చిన నియామక పత్రాలను ఆతిథ్య దేశాధినేత చేతికి ఇవ్వాలి. ఆ తర్వాత ఏం చేయాలో వియన్నా ఒప్పందం 3వ అధికరణం చెబుతుంది: తన దేశానికి ప్రాతినిధ్యం వహించాలి, తన పౌరుల ప్రయోజనాలు కాపాడాలి, చర్చలు జరపాలి, అక్కడి సంగతులు తెలుసుకుని ఇంటికి రాయాలి, రెండు దేశాల మధ్య స్నేహం పెంచాలి. ఆ రోజుల్లో మాకు పారిస్ అన్ని రాజధానుల్లాంటిది కాదు. మా బడ్జెట్టుకు సాయం అక్కడినుంచే రావాల్సి ఉండేది. మా సైన్యానికి తుపాకులు అక్కడినుంచే వచ్చేవి. మా విద్యార్థులు అక్కడే చదివేవారు. ప్రవాసంలో ఉన్న మా ప్రతిపక్ష నాయకులూ ఆ ఊళ్లోనే ఉండేవారు. పారిస్‌లో మా రాయబారి నోటి నుంచి వచ్చే ప్రతి మాటకూ బాంగీ నగరంలో లెక్క ఉండేది.

1979 జనవరిలో ఆ నగరంలో స్కూలు పిల్లలు వీధుల్లోకి వచ్చారు. అందరూ కొత్త యూనిఫాం కొని తీరాలని చక్రవర్తి ఆజ్ఞ. ఆ బట్ట అతని కుటుంబానికి సంబంధించిన మిల్లు నుంచే రావాలి. నెలల తరబడి జీతాలు అందని తల్లిదండ్రులు ఎక్కడినుంచి కొంటారు? పిల్లల నిరసన అల్లర్లుగా మారింది. సైన్యం కాల్చింది. అణచడానికి పొరుగు దేశం జైర్ పాలకుడు మొబుటు పంపిన సైనికులు కూడా వచ్చారు. ఏప్రిల్‌లో పట్టుకున్న పిల్లల్ని ఎన్గరాగ్బా జైలు గదుల్లో కుక్కారు. వాళ్లలో చాలామంది తిరిగి ఇంటికి రాలేదు. 50 నుంచి 100 మంది దాకా పిల్లలు చనిపోయి ఉంటారని మే నెలలో అమ్నెస్టీ ఇంటర్నేషనల్ ప్రపంచానికి చెప్పింది. బొకాసా ప్రభుత్వం అంతా అబద్ధమంది.

ఇలాంటప్పుడు రాయబారి చేయాల్సిన పని ఏమిటో ప్రతి విదేశాంగ శాఖకూ తెలుసు. ఖండన ప్రకటన చదవాలి. శత్రువుల ప్రచారం అనాలి. పత్రికల వాళ్లు అడిగితే విచారణ జరుగుతోందనాలి. ఎందరో రాయబారులు ఎన్నో దేశాల తరఫున ఈ పని చేశారు, ఇంకా చేస్తున్నారు. వాళ్ల కార్ల మీద జెండాలు రెపరెపలాడుతూనే ఉన్నాయి.

మా రాయబారి ఆ పని చేయలేదు. సరిగ్గా ఆ మే నెలలోనే రువాండా రాజధాని కిగాలీలో ఫ్రాన్సు, ఆఫ్రికా దేశాధినేతల సమావేశం జరిగింది. బొకాసా కూడా అందులో ఉన్నాడు. ఆ రోజుల్లోనే పారిస్‌లో సిల్వెస్టర్ బాంగీ పత్రికల ముందుకొచ్చి పిల్లల్ని చంపింది నిజమేనని చెప్పాడు. పదవికి రాజీనామా ప్రకటించాడు. చక్రవర్తి సొంత రాయబారే ఒప్పుకున్నాక అది ప్రవాసుల ప్రచారమని కొట్టిపారేయడం ఎవరికీ సాధ్యం కాలేదు.

ఆ మాటతో ఆయన ఏం పోగొట్టుకున్నాడో నాకు తెలుసు. రాయబారికి ఉండే రక్షణ పోయింది. కారు, నివాసం, హోదా పోయాయి. స్వదేశానికి తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది. అలాంటి పాలకుడున్న దేశంలో, దేశం బయట నోరు విప్పినవాడి బంధుమిత్రులకు ఏ క్షణాన ఏం జరుగుతుందో చెప్పలేం. మరో సంగతీ దాచను. అంతకు ముందు ఆయనా ఆ ప్రభుత్వానికే పనిచేశాడు. జైళ్లు అంతకు ముందూ ఉన్నాయి, చావులూ ఉన్నాయి. ఆయన ఇంకా ముందే మాట్లాడి ఉండాల్సిందని అనేవాళ్ల మాటను నేను కాదనను. అయినా మాట్లాడాల్సిన చోట, అందరూ వినే చోట, నష్టం తనదే అయ్యే వేళ మాట్లాడాడు. అది చిన్న విషయం కాదు.

నా తొడుగు ఇక ఆయన కోసం తీయలేదు. ఆయన పారిస్‌లోనే ఉండి 'ఉబాంగీ ప్రజల విమోచన ఫ్రంట్' స్థాపించాడు. మాజీ ప్రధాని ఆంజ్-ఫెలిక్స్ పటాసే, ఆబెల్ గుంబా వంటివాళ్లు అప్పటికే వేరువేరుగా బొకాసాను ఎదిరిస్తున్నారు. అటు కిగాలీ సమావేశం నిర్ణయించిన విచారణ సంఘం పని మొదలుపెట్టింది. సెనెగల్, ఐవరీ కోస్ట్, లైబీరియా, రువాండా, టోగో దేశాల న్యాయకోవిదులు అందులో సభ్యులు. ఆఫ్రికా దేశాలు తమలో ఒక పాలకుడి మీద తామే విచారణ జరపడం ఆ రోజుల్లో చాలా అరుదు. ఆగస్టులో వచ్చిన నివేదిక హత్యాకాండ జరిగిందనీ, అందులో చక్రవర్తి పాత్ర దాదాపు ఖాయమనీ తేల్చింది. ఫ్రాన్సు సాయం ఆపేసింది. సెప్టెంబరు 20 రాత్రి బొకాసా లిబియాలో ఉండగా ఫ్రెంచి సైనికులు బాంగీ నగరంలో దిగారు. వాళ్లతో పాటే వచ్చిన డాకో మళ్లీ గణతంత్రాన్ని ప్రకటించాడు. సిల్వెస్టర్ బాంగీ కొత్త ప్రభుత్వంలో విదేశాంగ మంత్రి అయ్యాడు. ఏ శాఖ కింద రాయబారిగా ఉండి రాజీనామా చేశాడో ఆ శాఖకే అధిపతిగా తిరిగొచ్చాడు.

ఇక్కడితో అంతా చక్కబడిందని నేను చెప్పను. ఏళ్ల తరబడి బొకాసాను మోసింది ఫ్రాన్సే. పట్టాభిషేకానికి సాయం చేసిందీ అదే. చివరికి దించిందీ అదే. మా జనం ఓటుతో జరగాల్సిన మార్పు పరాయి విమానాల్లో వచ్చింది. డాకో పాలన రెండేళ్లకే, 1981 సెప్టెంబరులో, జనరల్ కొలింగ్బా చేతిలో ముగిసింది. బొకాసా 1986లో తనంతట తానే తిరిగొచ్చాడు. బాంగీ నగరంలో బహిరంగ విచారణ జరిగింది. 1987 జూన్‌లో మరణశిక్ష పడింది. తర్వాత దాన్ని యావజ్జీవంగా మార్చారు. 1993లో విడుదల చేశారు. ఆ తర్వాత మా దేశం తిరుగుబాట్లనూ, అంతర్యుద్ధాన్నీ చూసింది. అయినా ఎన్గరాగ్బా పిల్లల చావు అబద్ధమని ఇక ఎవరూ అనలేని స్థితి 1979లోనే వచ్చింది. ఆ స్థితికి దారి తీసినవాళ్లలో ఒక రాయబారి ఉన్నాడు.

రాయబారి ప్రభుత్వానికి విధేయుడై ఉండాలి, నిజమే. లేకపోతే దౌత్యమే నడవదు. నచ్చని నిర్ణయాన్ని కూడా మర్యాదగా వివరించడం ఆ వృత్తిలో భాగమే. కానీ 3వ అధికరణం ప్రాతినిధ్యం వహించమన్నది దేశానికి, గద్దె మీదున్న మనిషికి కాదు. ఆ దేశంలో యూనిఫాం కొనలేని పిల్లాడూ ఉన్నాడు. ఆ పిల్లాణ్ని చంపిన ప్రభుత్వం, చంపలేదని చెప్పమని రాయబారిని అడిగిన రోజున, నా కిందే కూర్చుని ఆ అబద్ధం చెప్పడమూ, నన్ను వదిలేసి నిజం చెప్పడమూ మాత్రమే మిగులుతాయి. నా రంగులు బొగాండా ఎందుకు కలిపాడో తెలిసినవాడికి ఆ రెండింట్లో ఏది దేశసేవో ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

రాయబారుల ఉద్యోగ చరిత్రల్లో నియామకాలూ, ఒప్పందాలూ, పతకాలూ రాస్తారు. రాజీనామాను చివరన ఒక్క వాక్యంలో ముగిస్తారు. సిల్వెస్టర్ బాంగీ చరిత్ర రాసేవాళ్లు అలా చేయకూడదు. ఆయన మా దేశానికి చేసిన అన్నిటికన్నా పెద్ద సేవ, నా నీడలోంచి దిగిపోయి ఆ పిల్లల తరఫున మాట్లాడటమే.