వాల్వు ట్యూబు ముక్క

మా రోజుల్లో బొమ్మ రైలంటే కొనుక్కునేది కాదు, చేసుకునేది. పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, స్టేషన్లో బండి ఆగినంతసేపూ పెట్టె కిటికీలు లెక్కబెట్టుకుని, ఇంటికొచ్చి డాల్డా డబ్బా రేకు కత్తిరించేవాణ్ని. అప్పుడు మాది మీటరు గేజి. 87వ వంతుకు కుదిస్తే పట్టాల మధ్య పదకొండున్నర మిల్లీమీటర్లు వస్తుంది, నేను 12 పెట్టుకున్నాను.

మొన్న మా మనవడు తెప్పించుకున్న రైలు మూడు వారాలకే మూలబడింది. విప్పుదామంటే ఒక్క స్క్రూ లేదు, అంతా అతుకే. "పారేసి ఇంకోటి తెప్పిద్దాం తాతా" అన్నాడు. కడుపు మండింది. చెడిపోయినదాన్ని విప్పి చూడకుండా పారేయడం వీళ్లకు ఎవరు నేర్పారు? అటక మీది నా పాత ప్యాసింజరు పెట్టె దింపి, "దీనికే మోటారు పెడదాం, రా బిడ్డా" అన్నాను.

"మీటరు గేజి మీద కరెంటు బండి యాడిది తాతా?"

మద్రాసు బీచి నుంచి తాంబరం దాకా 1931లోనే నడిచింది. వేరే ఇంజను ఉండదు. జనం కూర్చునే పెట్టె కిందే మోటార్లు, చివర డ్రైవరు గది. మాకు ఆ భాగ్యం లేదు. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ 85 కిలోమీటర్లకూ రెండో లైను, కరెంటు తీగలు పూర్తయి 2023 ఏప్రిల్లో జాతికి అంకితం చేసేనాటికి మీటరు గేజి పోయి ఏళ్లు దాటింది.

మోటారు పాత టేపురికార్డరుది. వేగాన్ని ఒకేలా ఉంచే చిన్న బోర్డు దాని లోపలుంటుంది, అది పీకేశాం. మోటారు షాఫ్టుకూ గేరు షాఫ్టుకూ మధ్య సైకిలు వాల్వు ట్యూబు ముక్క తొడిగాం. ఇనుప గొట్టం బిగిస్తే వెంట్రుకవాసి వంకరకే మోటారు గుర్రుమంటుంది. రబ్బరు ఆ వంకరను దిగమింగుతుంది. ఈ కిటుకు చెప్పిన రేడియో మెకానిక్ గడియారం చౌరస్తా దగ్గర కూర్చునేవాడు. అడిగినవాడికల్లా విప్పి చూపించేవాడు. ఇప్పుడు ఏది తీసుకెళ్లినా బోర్డు మార్చేయమనేవాళ్లే.

ఇత్తడి చక్రాలు రెండూ ఒకే ఇనుప ఇరుసుకు తగిలితే పట్టా నుంచి పట్టాకు షార్టే. అందుకని ప్రతి ఇరుసుకూ ఒక పక్క ఫైబరు బుష్ పెట్టాం. కరెంటు ఇచ్చాం. చక్రాలు గిర్రున తిరిగాయి, పెట్టె మాత్రం కదల్లేదు. మనవడు మోటారు చాలదన్నాడు. చాలనిది బరువు. మోటారు తిప్పే చక్రాల సరిగ్గా పైన సీసం ముక్క పెట్టించాను. పెట్టె మధ్యలో పెడితే సగం బరువు ఉత్త చక్రాల మీదికే పోతుంది. ఈసారి వెనక రెండు పెట్టెల్ని లాక్కుంటూ గడప పక్క ఎత్తు ఎక్కేసింది. వాడు నేల మీద బోర్లా పడుకుని చక్రాలే చూస్తున్నాడు.

ఇక పైన తీగనందుకునే పాంటోగ్రాఫ్ మిగిలింది. గొడుగు కమ్మీలతో అది భేషుగ్గా కుదురుతుంది. విరిగిన గొడుగు కోసం ఇద్దరం ఇల్లంతా వెతికాం. పోయిన వారమే పారేశారట.