కొంచెమే పెట్టాం డాక్టరు గారూ

ఇంటి తిండి ఎవరికీ కీడు చేయదని తెలుగువాడి గట్టి నమ్మకం. హోటలు తిండి చేస్తుంది, పెళ్లి భోజనం చేస్తుంది, బండి మీది బజ్జీ తప్పకుండా చేస్తుంది. ఇంట్లో వండింది మాత్రం అమృతం. ఈ అమృతాన్ని రెండు నెలల కుక్కపిల్లకు పోసి, మర్నాడు తెల్లవారకముందే హాలంతా ఫినాయిలుతో కడుగుతూ, "ఆ ప్యాకెట్ తిండి దీనికి పడ్డట్టు లేదండీ" అని తేల్చేసే కుటుంబాలకు ఈ నాలుగు ముక్కలు అంకితం.

అసలు ఆ ప్రాణి మన గడప తొక్కేది ఏ స్థితిలో? తల్లిని వదిలింది, తోబుట్టువులను వదిలింది, దారిలో కారు సీటు మీద వాంతి చేసుకుంది. ఇక్కడ నీళ్లు కొత్త, వాసనలు కొత్త, కాలు జారే టైల్స్ కొత్త. కడుపులో అప్పటికే నులిపురుగులు కాపురం పెట్టి ఉంటాయి. తల్లి గర్భంలోనే కొన్ని, తల్లి పాలతో కొన్ని దిగుతాయి కనుకే రెండో వారం నుంచే పురుగుల మందు మొదలుపెట్టమంటారు. తిండి ఏమీ మార్చకపోయినా ఒక్క ఈ కొత్త చోటి బెదురుకే విరేచనాలు పట్టుకోవచ్చు. అంత అలసి వచ్చిన అతిథికి మనమిచ్చే విశ్రాంతి, ఆ సాయంత్రమే విందు.

ఆ విందు ఎవరో ఒక్కరు పెట్టేది కాదు. పసిది కదా అని నాయనమ్మ గిన్నెడు పాలు పోస్తుంది. చలువ చేస్తుందని అమ్మ పెరుగన్నం కలుపుతుంది. నాన్న తన కంచంలోని కోడిముక్కను మసాలా పోయేలా నీళ్లలో ముంచి తీసి పెడతాడు. అబ్బాయి జిమ్ముకు వెళ్తాడు కాబట్టి ఉడికించిన గుడ్డు, ప్రోటీన్ గురించి రెండు మాటలు. అమ్మాయి క్రీమ్ బిస్కెట్. పిల్లను చూడటానికి వచ్చిన ఎదురింటి పిన్నిగారు వట్టి చేతులతో ఎలా వస్తారు, రస్కుల పొట్లం. ఇంత జరిగాక, బ్రీడరు ఇచ్చి పంపిన ప్యాకెట్ తిండి గిన్నెలో అలాగే ఉండిపోయిందని అందరికీ దిగులు. ముద్ద దిగడం కోసం దాని మీద ఒక చెంచా నెయ్యి. కుక్క కడుపున నెయ్యి ఇమడదనే సామెత ఆ ఇంట్లో తెలియనివారు లేరు. కాకపోతే దాన్ని మనుషుల మీదే వాడతారు.

మర్నాడు డాక్టరు బల్ల ముందు అందరిదీ ఒకటే వాఙ్మూలం: "కొంచెమే పెట్టాం డాక్టరు గారూ." ఇందులో అబద్ధం లేదు. ఒక్కొక్కరూ కొంచెమే పెట్టారు. పిల్ల బరువు 3 కిలోలు, నాన్నగారి బరువు 60. బరువు లెక్కన దాని కడుపులో పడిన ఒక్క చెంచా నెయ్యి ఆయన ఒక్క పూటలో 20 చెంచాలు తాగినట్టు. ఆరుగురి ఆరు కొంచేలను కూడే లెక్కల మాస్టారు ఏ ఇంట్లోనూ లేడు. ఉన్నా ఆయన కూడా ఓ ముక్క పెట్టే ఉంటాడు.

పాల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఆ గిన్నె మీద చేయి వేస్తే నాయనమ్మ ఊరుకోదు. కుక్కపిల్ల తాగి పెరిగింది పాలే, నిజమే. కానీ అవి కుక్క పాలు. వాటిలో కొవ్వు, మాంసకృత్తులు ఆవు పాలకు ఇంచుమించు రెట్టింపు. లాక్టోజ్ అనే చక్కెర మాత్రం తక్కువ, నూటికి మూడు పాళ్లకు కాస్త అటూ ఇటూ. ఆవు పాలలో, గేదె పాలలో అది ఐదు దగ్గరికి వస్తుంది. పైగా తల్లి పాలు మానే ఈడుకు ఆ చక్కెరను విరగ్గొట్టే ఎంజైము పిల్ల పేగులో తగ్గిపోతూ ఉంటుంది. అరగని చక్కెర పేగులోకి నీళ్లు లాగుతుంది, అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. ఆ పైన జరిగేది సోఫా కింద చూసుకోవచ్చు. పెరుగులో లాక్టోజ్ కొంత తగ్గుతుంది కాబట్టి కొన్ని పిల్లలు ఓ చెంచా మేరకు తట్టుకుంటాయి. అంతమాత్రాన పెరుగు ఔషధమైపోదు, గిన్నెలు గిన్నెలు పోయడానికి.

ఇక్కడికి వచ్చేసరికి ఒక పెద్దమనిషి లేస్తాడు. "మా ఊళ్లో కుక్కలు ఎంగిలి మెతుకులు తిని రాళ్లలా బతికాయండీ. ఈ చాదస్తాలన్నీ పట్నంలోనే." ఆయన చూసినవి బతికిన కుక్కలు. ఈతకు ఆరు పుడితే ఏడాది తిరిగేసరికి అరుగు కింద ఎన్ని మిగిలేవో ఎవరూ పద్దు రాయలేదు. పోయినవి సాక్ష్యానికి రావు. ఇంకో మాట. ఊరకుక్క పిల్లకు ఆ మెతుకులే మొదటి తిండి. మూడో వారమో నాలుగో వారమో తల్లి కక్కి పెట్టినదానితో మొదలై, అదే కూడు, అదే కుప్ప. దాని క్లోమం, పేగులోని సూక్ష్మజీవులు ఆ కూటికే అలవాటుపడి పెరిగాయి. అదే పిల్లను తెచ్చి ఖరీదైన ప్యాకెట్ తిండి ఒక్కసారిగా గిన్నెనిండా పోసినా మర్నాడు ఫినాయిలు తప్పదు. తప్పు అన్నానిదీ కాదు, ప్యాకెట్‌దీ కాదు. రాత్రికి రాత్రి మార్చిన చేతిది.

ఈ మాట ప్యాకెట్ భక్తులకు కూడా చెందుతుంది. 1860ల ప్రాంతంలో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికా వ్యాపారి లండన్‌లో కుక్క బిస్కెట్లు అమ్మడం మొదలుపెట్టేదాకా లోకంలోని కుక్కలన్నీ ఇళ్లలోనూ వీధుల్లోనూ దొరికింది తినే బతికాయి. ఆయన అంతకుముందు అమ్మినవి పిడుగు నిరోధక కడ్డీలు. కాబట్టి ప్యాకెట్ మీద బొమ్మలోని కుక్క నవ్వుతోందని అదే వేదమనుకోనక్కర్లేదు. దాంట్లో ఉన్న సౌకర్యం ఒకటే, లెక్క ఎవరో ముందే కట్టి పెట్టారు. ఆ లెక్క ప్రకారం నిండు గిన్నె పెట్టి, ఆ పైన ఇంటి భోజనాన్ని కొసరుగా వడ్డించడం మన సొంత ఆవిష్కారం. కుక్కపిల్లకు మోషన్స్ పట్టడానికి విషమే అక్కర్లేదు, మంచి తిండి ఎక్కువైనా చాలు.

డాలస్‌లో ఉండే బావగారికి ఇవన్నీ పాతచింతకాయ పచ్చడి. వీడియో కాల్‌లో ఆయన ఉపదేశం: కుక్క అంటే తోడేలు, తోడేలుకు పచ్చి మాంసమే పెట్టాలి, అన్నం ముట్టనివ్వకూడదు. 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు 'నేచర్' పత్రికలో కుక్క జన్యువుల లెక్క ప్రచురించారు. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువుకు తోడేలులో రెండే నకళ్లు ఉంటే, కుక్కల్లో అంతకు ఎన్నో రెట్లున్నాయి. మనిషి గాదె పక్కన వేల ఏళ్లు కాపురం చేసిన జంతువు ఉడికిన అన్నం అరిగించుకోవడం నేర్చేసింది. బావగారి తోడేలు ఏసీ గదిలో దిండు మీద పడుకుంటుంది, పిడుగు శబ్దానికి మంచం కింద దూరుతుంది. దానికి మే నెలలో స్కూటర్ డిక్కీలో అరగంట ఊరిన పచ్చి కోడిమాంసం పెడితే అడవి గుర్తురాదు, సాల్మొనెల్లా వస్తుంది.

విరేచనాలతో పోయేది ఒక రకం. పోనిది ఇంకో రకం, అక్కడ నవ్వు కాస్త తగ్గించుకోవాలి. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను చెడగొడతాయి. వండినా ఆ గుణం పోదు. మసాలా కడిగినంత మాత్రాన కూరలో ఊరిన ఉల్లి రసం ముక్కలోంచి పోదు. రక్తం తగ్గడం కొన్ని రోజుల తర్వాత బయటపడుతుంది కనుక ఆదివారం కూరకు, గురువారం నీరసానికి సంబంధం కట్టే తెలివి ఎవరికీ తట్టదు. పాయసంలోని కిస్‌మిస్ మూత్రపిండాల మీద పడుతుంది. ఏ కుక్క ఎన్నిటికి పడిపోతుందో ముందుగా చెప్పలేరు. ఉడికిన కోడి ఎముక సూదుల్లా చీలుతుంది. "ఎముక తినకపోతే కుక్కేమిటండీ" అనే మాట ఎంత ఠీవిగా అంటారో, ఎక్స్‌రే బిల్లు చూశాక అంత నెమ్మదిగా వింటారు.

ఇవేవీ పెట్టని బుద్ధిమంతులూ ఉన్నారు. ఉత్త చికెన్, ఉత్త అన్నం, మూడు పూటలా. పిల్ల ఆబగా తింటుంది, మోషన్ గట్టిగా అవుతుంది, ఇంటిల్లిపాదీ గర్వపడతారు. ఎముక లేని మాంసంలో భాస్వరం బోలెడు, కాల్షియం నామమాత్రం. ఎదిగే పిల్లకు కాల్షియం కనీసం భాస్వరంతో సమానంగానైనా ఉండాలి. తిండిలో అది అందకపోతే ఒళ్లు తన ఎముకల్లోంచే తవ్వుకుంటుంది, కాళ్లు వంకర తిరుగుతాయి. సరే అని లాబ్రడార్ పిల్లకు కాల్షియం సీసాలు పట్టిస్తే పెద్ద జాతుల్లో అదీ ఎముకలకు చేటే. కొలిచి పెట్టమంటే మాత్రం మనకు కోపం. ప్రేమను కొలుస్తామా?

మోషన్స్ మొదలయ్యాక జరిగే విచారణ చూడవలసిందే. ఎవరికి ఇష్టంలేనిది వాళ్లకు ముద్దాయి. నాయనమ్మకు గుడ్డు, అబ్బాయికి పాలు, అమ్మకు ఎదురింటి రస్కు, అందరికీ కలిపి ప్యాకెట్. తీర్పు తేలకపోతే దిష్టి. నల్లగా నిగనిగలాడుతోందని కింది ఫ్లాటువాళ్లు అన్నారట. ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి స్టవ్ మీద వేస్తే ఘాటు రాలేదు కాబట్టి దిష్టేనని రుజువైంది. తర్వాత ఫ్రిజ్ మీది మందుల డబ్బా దిగుతుంది. మనుషుల విరేచనాలు కట్టే మాత్ర సగం. కోలీ జాతి కుక్కలు కొన్నిటికి అది జన్యులోపం వల్ల మెదడుకెక్కుతుంది. ఒళ్లు వెచ్చగా ఉందని పారాసెటమాల్ పావు; అది కుక్క కాలేయానికి, రక్తానికి కూడా పనికిరాదు. కుక్క ఒళ్లు మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది. దాని మామూలు వేడి మనకంటే ఎక్కువ.

ఇంత వైద్యం జరిగే లోపల రెండు రోజులు గడుస్తాయి. ఆ రెండు రోజులే అన్నిటికంటే ఖరీదైనవి. వాంతులు, నెత్తుటి విరేచనాలు, తిండి మొహం చూడకపోవడం కలిసి వస్తే అది నెయ్యి పని కాకపోవచ్చు, పార్వో కావచ్చు. 1978 ప్రాంతంలో బయటపడి ఒకటి రెండేళ్లలో ప్రపంచమంతా చుట్టేసిన వైరస్ అది. మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిలుకు లొంగదు, బ్లీచింగ్ కావాలి. ఆరు, ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకోసారి టీకా వేస్తూ పదహారో వారం దాటేదాకా పూర్తి చేయమనేది దాని కోసమే. రెండు నెలల పిల్ల ఒంట్లో దాచుకున్న కొవ్వు పెద్దగా ఉండదు, నీళ్లు పోతే, చక్కెర పడిపోతే గంటల్లో వాలిపోతుంది. ఆ గంటల్లో ఇంట్లో చర్చ ఏమిటి? నిమ్మరసం పట్టాలా, దానిమ్మ తొక్క కషాయమా. సెలైన్ ఎక్కించవలసిన పిల్లకు కషాయం పట్టి, మూడో నాడు అటూ ఇటూ కాని స్థితిలో ఆసుపత్రికి మోసుకుపోయి, ప్యాకెట్ కంపెనీని తిట్టేవాళ్లను ఏమనాలో నాకు మర్యాదైన మాట దొరకలేదు.

డాక్టరు చెప్పేది నిజానికి బహు చప్పనైన సంగతి. ఇన్నాళ్లూ తిన్నదే మొదటి వారం కొనసాగించండి. ఆ తర్వాత కొత్తది ఒకటే, నాలుగో వంతు. రెండు మూడు రోజులు మోషన్ చూసి సగం, మళ్లీ చూసి ముప్పావు. మొత్తం మార్పుకు ఏడు నుంచి పది రోజులు. కలిపినంత మేర పాతది తగ్గించండి. పెట్టేది ఒకే చేయి. ఈ మాట విని ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోతారు. అదే ఇంట్లో మనవడికి ఆరో నెలలో ముహూర్తం పెట్టించి, పురోహితుణ్ణి పిలిచి, వెండి గిన్నెలో పాయసం వేలితో తీసి నాలుకకు రాశారు. ఆ తర్వాత నెలల తరబడి పలచని ఉగ్గు. కొత్త కూరగాయ ఏదైనా పెడితే రెండు రోజులు ఆగి మరొకటి. వాడికి పెట్టమంటూ ఎదురింటివాళ్లు రస్కు ఇస్తే చేయి పట్టుకుని ఆపారు. అంత నిదానం తెలిసిన ఇల్లే, పాలు మరిచి వారాలు కాని పిల్ల ముందు ఆదివారం మెనూ మొత్తం పరిచింది.

చివరికి కుక్కపిల్ల ప్రాణానికి గండం గడిచిందనుకుందాం. డాక్టరు మూడు రోజులకు పథ్యం రాసిస్తాడు: మెత్తగా ఉడికించిన అన్నం, చర్మం తీసిన కోడిమాంసం, ఉప్పు వద్దు, నూనె వద్దు, కొంచెం కొంచెం నాలుగైదు సార్లు. అమ్మ తు.చ. తప్పకుండా వండుతుంది. నాయనమ్మ వేలితో ఓ మెతుకు తీసి నోట్లో వేసుకుంటుంది. "ఈ చప్పిడి కూడు ఎలా తింటుందే పాపం, జబ్బుపడి లేచిన ప్రాణం" అంటుంది. స్టవ్ వెలుగుతుంది. రెండు చెంచాల నెయ్యి, కాస్త జీలకర్ర, అరుగుదలకు మంచిదని నాలుగు వెల్లుల్లి రెబ్బలు.